గడువు తీరిన రోజు మాఫే

(సెనెగల్‌లో కావొలాక్ దగ్గర, పల్లీలు పండించే ఊరు. మాలిక్ పోయి నాలుగు నెలల పది రోజులు; భర్త పోయిన భార్య పాటించాల్సిన గడువు నేటితో తీరింది. పొయ్యి దగ్గర మాఫే, అంటే పల్లీల ముద్దతో చేసే పులుసు, వండుతూ అతని తల్లి, భార్య బినెతా.)

"పొట్టు తీయకుండానే రోట్లో వేశావా?"

"తీశాను అత్తమ్మా."

"తీస్తే ఈ ఎర్రటి పొట్టేంటి? వగరెక్కుతుంది."

"ఎక్కడో ఒకటీ అరా. చేటతో రెండుసార్లు చెరిగాను."

"ఒకటీ అరానా! ఇసకలో వేయించినవి వేడిమీదే నలపాలి. చల్లారబెట్టి నలిపుంటావు."

"నేను కాదు. మీ మనవరాలు నలిపింది. నేనూ చేస్తానని కూర్చుంది."

"కుంబా నలిపిందా?"

"ఊఁ."

"అయితే ఉండనీలే. ఏం కాదు."

"ఇప్పుడు వగరెక్కదా?"

"వాగకు. ముద్దలో నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యి, ఉండ కడుతుంది. గరిటె ఆపకు. నూనె పైకి తేలేదాకా దించకు."

"ఏడేళ్లుగా వండుతున్నాను అత్తమ్మా."

"ఈ రోజు వేరు. తెల్లబట్టలు విప్పేశావు. అన్నం దగ్గర మీ మామయ్య అడుగుతాడు."

"తెలుసు."

"ఏం చెబుతావు?"

"ఉప్పు చూడండి."

"ఉప్పు తర్వాత. గోరా మంచివాడు."

"చెడ్డవాడని నేనన్నానా? ఏడేళ్లు వదినా, వదినా అన్నవాడు. రేపట్నుంచి నా మొగుడై ఆ గదిలోకి..."

"అలవాటవుతుంది."

"మీకైందా?"

"టమాటా పడిందా ఇందులో?"

"అత్తమ్మా, మాలిక్ వాళ్ల నాన్న పోతే మిమ్మల్నీ మరిదికే ఇచ్చారు. ఇప్పటి మామయ్యకే. మీకు అలవాటైందా అని అడుగుతున్నాను."

"గోరా పుట్టాడు. ఇల్లు నిలబడింది. ఇంకేం కావాలి?"

"నేనడిగింది అది కాదు."

"చూడు, నువ్వు పుట్టింటికి పోతానంటే ఎవరూ కట్టెయ్యరు. పిల్ల మాత్రం రాదు. పిల్ల ఈ ఇంటిది. నీకు తెలియందా?"

"తెలుసు కాబట్టేగా నాలుగు నెలలుగా కంటిమీద కునుకు లేనిది."

"పల్లీ మొక్కని చూస్తూనే ఉన్నావు. పువ్వు పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగుతుంది. ఊడ దిగాక మొక్కని కదిలిస్తే కాయ ఊరుతుందా? కుంబా ఇక్కడ ఊడ దింపుకుంది."

"అది మొక్క కాదత్తమ్మా. ఆరేళ్ల పిల్ల. నా చెయ్యి పట్టుకోనిదే నిద్రపోదు."

"మాలిక్ గుర్తుగా నాకు మిగిలింది అదొక్కతే కదే! వాడి ముక్కే, వాడి నడకే. వెనకనుంచి చూస్తే నా మాలిక్..."

"ఏడవకండి. ఉంటాను. ఉండిపోతాననే చెబుతాను. సరేనా?"

"గరిటె ఇటివ్వు."

"సరేనా అత్తమ్మా?"

"మంట తగ్గించు. నూనె తేలింది."

(అన్నం మీద మాఫే పోసిన పెద్ద బేసిన్. చుట్టూ ఇంటిల్లిపాదీ.)

"కమ్మగా ఉంది. ఇంకా తినండర్రా. సరే బినెతా, గడువు తీరింది. నీ మాట ఏంటో ఈ మామయ్యకి చెప్పమ్మా."

"నేను... మామయ్యా, నేను గోరాని..."

"ఆగు బినెతా. నేను చెబుతాను. ఏమండీ, అది పుట్టింటికి వెళ్తోంది. కుంబాని కూడా తీసుకెళ్తుంది."

"అత్తమ్మా!"

"నువ్వు తిను."

"నీకేమైనా మతి పోయిందా? పిల్ల మన రక్తం. ఈ ఊళ్లో ఎవరైనా అలా పంపారా? నీ సంగతే చూడు, నువ్వు ఉండిపోలేదా? ముప్పై ఏళ్లు నవ్వుతూ నాకు వండిపెట్టలేదా?"

"పెట్టాను. అప్పుడు మాలిక్ చంకలో పిల్లాడు. వాణ్ణి నాతో పంపుంటే, ఆ రోజే వెళ్లిపోయేదాన్ని."