మెత్తటి చప్పుడు

ఫ్యాక్టరీ టెస్టింగ్ గదిలో కొత్త లగ్జరీ కారు పక్కన మేనేజరు, ముప్ఫై ఏళ్లుగా కార్లకు డోర్లు బిగిస్తున్న మేస్త్రీ నిలబడ్డారు. మేస్త్రీ కుడిచేతికి వైర్లున్న గ్లవ్ తొడిగి ఉంది.

"ఇంకొక్కసారి డోర్ బిగువు సరిచేసి వెయ్యి మేస్త్రీ."

"పొద్దుట్నుంచి రెండొందల సార్లు సరిచేసి వేశాను సార్. చెయ్యి లాగేస్తోంది."

"ఆ మెత్తటి చప్పుడు వినే కదా జనం బుకింగులకి ఎగబడేది! ఏడాదికి నలభై వేల కార్లు తియ్యాలని ప్లాను."

"అమ్మో! అన్ని డోర్లు సరిచెయ్యడం నా ఒక్కడి వల్ల కాదు సార్. మా తమ్ముణ్ని కూడా పెట్టుకోండి. పనంతా నేనే నేర్పాను."

"మనుషులెందుకయ్యా? మిషన్ నేర్చేసుకుందిగా."

"ఎవరి దగ్గర సార్?"

"పొద్దుట్నుంచీ నీ దగ్గరే. గ్లవ్ జాగ్రత్తగా తీసి అక్కడ పెట్టు, ఖరీదైంది. వెళ్లేటప్పుడు ఈ గది తలుపు కూడా అలాగే మెత్తగా వేసి వెళ్లు."