మందు వెయ్యని ప్లేటు

జియా సరాయ్‌లో అనసూయ ఇల్లు. ఆవిడకి ఎదురుగా, పై గదిలో అద్దెకుండే పీహెచ్‌డీ విద్యార్థిని మైథిలి, ఆమె గైడు సదాశివరావు కూర్చున్నారు.

"ముప్పై ఆరు కొత్త మందులు తయారుచేశాం అనసూయగారూ. ముప్పై ఆరూ మలేరియా క్రిముల్ని చంపేశాయి."

"సంతోషం సార్. ఉప్మా పెట్టనా?"

"ఏ మందూ వెయ్యని ప్లేటులో క్రిములు కూడా చచ్చాయి."

"అది ఇంకా చవక కదండీ."

"ఆంటీ, ప్లీజ్. వాటిని పెంచింది మీరిచ్చిన రక్తంలో. మందు వెయ్యని చోట అవి బతికుండాలి. అక్కడా చచ్చాయంటే మీ రక్తంలోనే ఏదో ఉంది."

"నా రక్తంలో ఏముంటుందే మైథిలీ. మా ఆయన్ని అడిగితే చాలా చెప్తారు."

"రక్తం ఇచ్చే ముందు మాత్రలేమైనా వేసుకున్నారా అనసూయగారూ?"

"ఏ మాత్రలండీ?"

"ఏవైనా."

"ఏవైనా అంటే... సార్, కాఫీలో చక్కెర వేశానా?"

"వేశారు. రెండుసార్లు."

"ఆంటీ, నాకిదే ఆఖరి ఎక్స్‌టెన్షన్. తప్పు నాదైతే సార్ సంతకం పెట్టరు."

"పెట్టను. రక్తం ఇచ్చినవాళ్ళు ఏ మందూ వాడలేదని ఫారంలో ఉంది. మిమ్మల్ని అడక్కుండా మైథిలే టిక్కు పెట్టిందా, మీరు చెప్పారా?"

"అడిగింది సార్. నేనే లేదన్నాను."

"మరి వేసుకున్నారా?"

"వేసుకున్నాను. పన్ను నొప్పి. యాంటీబయాటిక్. ఐదు రోజులు."

"ఎవరిచ్చారు?"

"బేర్ సరాయ్‌లో మందుల షాపు భయ్యా."

"డాక్టరు చీటీ లేకుండానా?"

"నేనంటే గౌరవమండీ అతనికి."

"అచ్ఛా. కొన్ని యాంటీబయాటిక్‌లు మలేరియా క్రిముల్నీ చంపుతాయి. పొరపాటు రక్తం ఇచ్చినవారిదని రాస్తాను. మైథిలీ, ఇంకొకరి రక్తంతో మళ్ళీ మొదలుపెట్టు. సంతకం రేపు పెడతాను. వస్తానండీ."

"ఉప్మా సార్?"

"వద్దండీ."

"ఆంటీ, ఏంటిది? మాత్రలు వేసుకున్నానని నాకెందుకు చెప్పలేదు? ఐదేళ్ళ చదువు నాది. ఇంకొంచెంలో పోయేది."

"సార్ మెట్లు దిగారా?"

"దిగారు."

"గేటు?"

"వేసి వెళ్ళారు. చెప్పండి ముందు."

"నువ్వు నన్నేమీ అడగలేదు. ఫారం నువ్వే నింపుకున్నావు. ఆ మాత్రలు కూడా, నీ మొటిమలకి వాడగా మిగిలాయని, నువ్వే తెచ్చి ఇచ్చావు."