నికెల్ తీగకు టెన్షన్

అధ్యక్ష స్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ ఆనంద్‌కుమార్ గారికి, విజయనగరం పెద్దలకు, తోటి అధ్యాపకులకు, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ మా పిల్లలకు నమస్కారాలు.

మిమ్మల్ని నవ్వించి పోదామనే వచ్చాను. కానీ ఇందాక ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పుతూ, "భీమశంకరరావు గారితో పాటే మన ఫిజిక్స్ విభాగం కూడా విశ్రాంతి తీసుకుంటోంది, జూన్ నుంచి కొత్త అడ్మిషన్లు ఉండవు" అని ఎంత మృదువుగా అన్నారంటే, హాల్లో అందరూ చప్పట్లు కొట్టేశారు. (నవ్వులు) నేనూ కొట్టాను. అలవాటు కదా. చేతులు కలిశాక గానీ ఆ మాట బుర్రకెక్కలేదు.

కూర్చున్నాక ప్రిన్సిపాల్ గారి వైపు వంగి, ఇదెప్పటి సంగతండీ అని అడిగాను. "పోయిన వారమే తేలిపోనాది మాస్టారూ. మీకెందుకు టెన్షనని సెప్పలేదు" అన్నారు.

టెన్షన్! నాకు! (నవ్వులు)

అయ్యా, నేను ఉద్యోగమంతా చేసిన పనే అది. సన్నటి నికెల్ తీగని నిలువుగా వేలాడదీసి, చుట్టూ రాగి చుట్ట పెట్టి కరెంటు పంపితే తీగ అయస్కాంతమవుతుంది. కింద బరువు కట్టి లాగామా, అదే కరెంటు, అదే చుట్ట, అయస్కాంత బలం మాత్రం తగ్గిపోతుంది. ఇనుప తీగైతే చిన్న బరువుకి ఇంకా పెరుగుతుంది. ఒకే లాగుడు, తీగని బట్టి గుణం. ఈ లాగుడినే క్లాసులో టెన్షన్ అని చెబితే గోపి, అదిగో ఆ తలుపు దగ్గరున్నాడు, "తీగకి టెన్షనేటి సార్, దానికేటైనా ఇంటర్వ్యూ ఉన్నాదా?" అన్నాడు. (నవ్వులు)

ముందు వరసలో మా ఝాన్సీలక్ష్మి ఉంది. కాంట్రాక్టు లెక్చరర్. రోజూ ఆమదాలవలస నుంచి రైల్లో వస్తుంది. నికెల్‌లో ఆ తగ్గుదల చుట్ట వేడెక్కడం వల్లేమోనని నేను సందేహపడితే, చుట్టని చల్లార్చి చల్లార్చి కొలిచి, "వేడి కాదు సార్, లాగుడే" అని తేల్చింది. విభాగం మూస్తే నాకు పోయేదేం లేదు, పింఛనొస్తుంది. ఆమె ఉద్యోగం పోతుంది. ఏమ్మా, నీకైనా చెప్పారా?

(ముందు వరస నుంచి: "లేదు సార్, నాకూ ఇప్పుడే తెలిసినాది.")

విన్నారా. నాకు పూలదండ తెచ్చిన ఈ అమ్మాయికి ఆ దండ వేసే వేదిక మీంచే ఈ కబురా? నాకు కోపంగా ఉంది, దాచుకోను.

పిల్లలు చేరడం లేదంటున్నారు. రేపటి నుంచి నేను ఖాళీ. తీగా, చుట్టా, బరువులూ ఆటోలో వేసుకుని, ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి కాలేజీకీ వెళ్ళి, కళ్ళముందు దిక్సూచి ముల్లు కదిలించి చూపిస్తాను. జూన్ దాకా ఆగండి. పిల్లలు చేరితే విభాగం ఉంచాలి, ఈమె ఉండాలి. ప్రిన్సిపాల్ గారూ, ఒప్పుకుంటారా? మైకు మీ ముందే ఉంది, ఇందులోనే చెప్పండి.

(ప్రిన్సిపాల్, మైకులో: "జూన్ దాకా... సరే, సూద్దాం మాస్టారూ.")

చూద్దామన్నారు. హాల్లో అందరూ విన్నారు. (చప్పట్లు)

శాలువాకీ, మీ అభిమానానికీ కృతజ్ఞతలు. సెలవు. నాకు మాత్రమే, ఝాన్సీలక్ష్మికి కాదు.