రెండూ పదహారే

"ఆగస్టు పద్నాలుగు, బొజ్జయ్యా. మీ ఆవిడ జంపక్క పంపిన చేపల పులుసు లారీలోనే కూర్చుని తిన్నాం. ఆ సాయంత్రమే కదా నేను పెద్ద టైర్లు వేయించింది?"

"అవ్ సారు."

సత్తుపల్లి నుంచి ఈ అడవి పల్లెకు వచ్చిన లారీ యజమాని, తాను పనిలోంచి తీసేసిన డ్రైవర్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మంచం వాల్చినా కూర్చోబుద్ధి కాలేదు.

"ఇవాళ కొత్తగూడెంలో టైర్ల షాపాయనకు పేలిన టైరు చూపించాను. పాతవి ఏడూ యాభై పదహారు, కొత్తవి ఎనిమిదీ పాతిక పదహారు. పదహారనేది లోపలి రిమ్ము కొలతేనట. ముందు అంకె పెరిగితే టైరు వెడల్పూ ఎత్తూ పెరుగుతాయట."

"స్టీరింగ్ మొత్తం తిప్పితే గీసుకుంటాందని నేను చెప్పిన గద."

"చెప్పావు. రెండూ పదహారే, నోర్మూసుకుని నడుపు అన్నాను. లోడు మీద చక్రం పక్కనున్న స్ప్రింగుల కమాను కట్టకు రాసుకుని టైరు లోపలివైపు కోసుకుపోయింది. అందుకే మలుపులో పేలి లారీ అదుపు తప్పింది. నేనేమో..."

"మీరు ఫ్యాక్టరీ కాడ పది మంది ముందట తాగి నడిపిండన్నరు."

"రేపు ఆ పది మంది ముందే తప్పు నాదని చెప్తాను."

"చెప్పుర్రి, వద్దనను. గని ముందుగాల ఇంట్ల చెప్పుర్రి. మా ఆమె గూడ మీ మాటే నమ్మింది. వారమైతాంది నాతోని మాట్లాడక."

జంపక్క గడపలోకి వచ్చింది. యజమాని తలెత్తలేకపోయాడు.

"ఆ రోజు నీ మొగుడు తాగలేదమ్మా. తప్పు నాది."

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"లోపలికి రా. అన్నం చల్లారుతాంది."

అతను లోపలికి వెళ్లాక, యజమాని వైపు చూడకుండా, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.