పైవాటా జడ్జి గారు

"అమ్మమ్మా, మన పైవాటాలో ఎవరో జడ్జి గారు ఉండేవారంట కదా. అమ్మ చెప్పింది. ఆయన గురించి చెప్పవూ? రికార్డు చేసుకుంటాను."

చెప్తానుగానీ ముందా ఫ్యాను కాస్త తగ్గించు. చెవిలో హోరు. ఆఁ, సరే.

ఆయనది పిఠాపురం. జిల్లా జడ్జిగా చేసి రిటైరయ్యారు. తరవాత ఏదో పెద్ద పోస్టు ఇస్తామంటే వద్దనేసి, మన రాజమండ్రి వచ్చి పైవాటా అద్దెకి తీసుకున్నారు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఒక్క మనిషే కదా, గొడవుండదు అనుకున్నాను. వచ్చిన వారానికే మెట్ల నిండా జనం. పోలీసులు కొట్టారని ఒకడు, పింఛను ఆపేశారని ఒకావిడ. పైసా పుచ్చుకునేవారు కాదు. పౌర హక్కులమ్మా అనేవారు. అయ్యుండొచ్చు. నేను డాబా మీద వడియాలు పెట్టుకోడానికి వెళ్ళాలంటే అందర్నీ దారడగాల్సొచ్చేది.

సర్వీసులో ఉన్నప్పుడూ అంతేనంట. సంకెళ్ళేసి తీసుకొచ్చిన మనిషిని చూస్తే, అవి విప్పేదాకా కేసు పిలవనిచ్చేవారు కాదంట. అందుకని బదిలీలు మాత్రం బాగా అయ్యాయి. "అన్ని ఊళ్ళ నీళ్ళూ తాగానమ్మా, గోదావరి నీళ్ళే బాగున్నాయి" అనేవారు.

ఇంతలో మా పుట్టినూళ్ళో మార్తమ్మ పోయింది. మార్తమ్మంటే ఎవరనుకున్నావు, మీ అమ్మ పుట్టినప్పుడు నాకు పురుడు పోసిన మనిషి. పేటలో ఉండేది. వాళ్ళ సమాధుల దొడ్డికి మా తమ్ముడి కొబ్బరితోటలోంచే దారి. తమ్ముడంటే మీ సూరిబాబు తాతయ్య. ఆ యేడే తోట చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం పెట్టాడు. జనం నడిస్తే కాయలు పోతున్నాయంటాడు. అప్పుడు కాయ ఎంత, రూపాయి... కాదు కాదు, అప్పటికి మూడైంది. సరే ఎంతైతే ఏంలే. వర్షాకాలం. వేరే దారి లేక, మార్తమ్మ పెట్టె భుజాల మీద పెట్టుకుని కాలవలోకి దిగారు. గుండెల్లోతు నీళ్ళు. మధ్యలో ఎవరికో కాలు జారింది, పెట్టె నీళ్ళలో పడిపోయింది. పట్టుకున్నార్లే. కానీ పడింది.

మర్నాడు మార్తమ్మ కొడుకు ఏసోబు వచ్చి మెట్లెక్కాడు. సాయంత్రం జడ్జి గారు దిగొచ్చి నా గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రండన్నా రాలేదు.

"అమ్మా, మీ తమ్ముడి మీద కేసు వేయిస్తున్నాను. ముందు మీకు చెప్పాలి కదా. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేసేస్తాను."

"అద్దె ఒకటో తారీకుకే ఇస్తున్నారు, నీళ్ళు ఎక్కువ వాడరు. ఖాళీ ఎందుకండీ?" అన్నాను.

అనడమైతే అన్నాను. సూరిబాబుని పెంచింది నేనే కదటే. మా అమ్మ పోయేటప్పటికి వాడికింకా మాటలు రాలేదు.

వాడూ వచ్చాడు, అరటిగెల పట్టుకుని. "అక్కా, ఆయన్ని పంపించెయ్" అన్నాడు.

"అన్నీ పుస్తకాలేరా. దింపడానికి మనుషులు దొరకొద్దూ?"

నవ్వలేదు. "అక్కడ దారనేదే ఎప్పుడూ లేదని కోర్టుకి చెప్పానక్కా" అన్నాడు. చూశావూ, అదీ నాకు మింగుడుపడంది. తోట నీది, కంచె వేశావు, బాగుంది. అసలు దారే లేదంటే ఎలాగ?

పైకెళ్ళి ఆయన్నే అడిగాను. "నన్ను సాక్ష్యానికి పిలవరేంటండీ?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పిలవనమ్మా. సాక్షులు చెప్పేసి బోను దిగి వెళ్ళిపోవడం ఇన్నేళ్ళు చూశాను. ఇంటికెళ్ళాక వాళ్ళకేమైందో ఏనాడూ చూళ్ళేదు. మీ తమ్ముడు మళ్ళీ మీ గుమ్మం తొక్కడు."

"అది నేను చూసుకుంటాను. ఎప్పుడు రావాలో చెప్పండి."

కోర్టులో ఏసోబు తరఫున వాదించింది ఎవరో కుర్ర లాయరు. ఈయన వెనక బల్ల మీద జనంలో కూర్చున్నారు. కేసు వింటున్న జడ్జి గారు ఏది రాసినా ముందు ఒకసారి ఈయన వంక చూసేవారు, పాపం. మా తమ్ముడి లాయరు నన్నడిగాడు, "మీ ఇంట్లో అద్దెకున్నాయన చెప్పమన్నారా అమ్మా?"

"చెప్పొద్దన్నారండీ."

కోర్టంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "దారుందని మీకెలా తెలుసు?" అన్నాడు. చెప్పాను. మార్తమ్మ వాళ్ళమ్మ పోయినప్పుడు మా నాన్నే కొబ్బరిమట్టలు తీయించి ఆ దారి శుభ్రం చేయించాడు. వాళ్ళందరూ దాటేదాకా భుజం మీద కండువా తీసి పక్కన నిలబడ్డాడు. నాన్న పక్కన నేను. నా చంకలో సూరిబాబు.

వాడు తలెత్తలేదు.

కంచె తీసెయ్యమని తీర్పొచ్చింది. తీసేశాడు. అక్కడితో నాతో మాటలు కూడా తీసేశాడు. మీ అమ్మ పెళ్ళికి రాలేదు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తేవడానికి మేనమామ ఉండాలి కదా, ఎవరండీ అని పంతులు గారు అడిగారు. జడ్జి గారు లేచారు. "మీకు నడుం నొప్పి కదండీ" అన్నాను. "వాయిదా వేస్తే ముహూర్తం దాటిపోతుందమ్మా" అన్నారు. ఒకపక్క ఆయన, ఇంకోపక్క ఏసోబు. పంతులు గారు ఏదో అనబోయి, జడ్జి గారి మొహం చూసి, మంత్రం అందుకున్నారు. మీ అమ్మ అప్పుడు కాస్త బొద్దుగా ఉండేది. ఆయన వారం రోజులు మంచం దిగలేదు.

మరి కొన్నేళ్ళకి, జ్వరమని పడుకున్న మనిషి లేవలేదు. వీధి పట్టనంత జనం వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూద్దును కదా, గేటు అవతల సూరిబాబు. జుట్టంతా తెల్లబడిపోయింది. తెల్లబడిందని నాకు తెలీదు.

కుర్చీ తీసుకెళ్ళి గేటు బయటే వేశాను. కూర్చున్నాడు.

"కోర్టులో ఆయన నన్నొక్క మాట అనలేదక్కా" అన్నాడు.

"అనరు" అన్నాను.

"నువ్వే అన్నావు."

"అన్నాను."

జనం తగ్గేదాకా వాడి పక్కనే నిలబడ్డాను. ఎండలో నిలబడ్డావేంటక్కా అని కుర్చీ నాకిచ్చి వాడు లేచాడు.

అంతేనే. అవునూ, నీ తమ్ముడికి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది? చెయ్యవే ఒకసారి. పనేం అక్కర్లేదు, ఊరికే చెయ్యి. ఇద్దరూ కొట్టుకుంటే కొట్టుకోండి, కలకాలం చల్లగా మాత్రం ఉండండి తల్లీ... తిన్నాడో లేదో అడుగు... అదడిగితే చాలు...