దొర బొమ్మలో మనం

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన ఏడాది. గోపాలపురం ఒడ్డున, బొమ్మలేసే ఇంగ్లీషు దొర బంగళా నుంచి జాలరి బయటికొచ్చాడు. గుమ్మంలో పెళ్ళాం కాచుకుని ఉంది.

"బొమ్మలో మనం ఎలాగున్నాం?"

"ఎర్ర సుక్క ఒకటుంది. అది నువ్వట."

"మరి నువ్వో?"

"నేన్లేను."

"లేవా! పొద్దున్నుంచి వలెత్తి నిలబడింది ఎవులు?"

"నేనే. సేపల దండు కళ్ళముందే పోతంటే కదలొద్దన్నాడు గదా."

"మరేటైనావు?"

"నేనుంటే బొమ్మ అందం సెడిపోద్దని తుడిసీసినాడట."

"నీకు కోపం రాలేదేటి?"

"ఎందుకే? మొన్న పటం మీద గీత గీసి, మనల్ని మద్రాసు నుంచి తీసి ఒరిస్సాలో పడీసిన దొరల కంటే ఈడే నయం. తుడిసీసే ముందు నాకేసి ఓపాలి సూసినాడు."