కడుపుల దేవినట్టు

"నానమ్మా, పొద్దుగాల ఫోన్ల ఎవలితోనో 'కడుపుల దేవినట్టయింది' అంటివి. అంటే ఏంది?"

గదా? ఎట్ల జెప్పాలె బిడ్డా... కడుపుల చెయ్యి వెట్టి కలుపుతె ఎట్లుంటది, గట్ల. నొప్పి కాదు, ఏడుపు సుత కాదు. టీవీల సీరియల్ జూసి మీ అమ్మ కండ్లు తుడుసుకుంటది సూడు, దానికి గీ మాట అనరు. మనోళ్లతోనే అయితది గది. నాకు రెండుసార్లే అయింది. మా అవ్వ, నన్ను గన్న తల్లి, పోయిన్నాడు ఒకపారి. మల్ల మొన్న, తరిగొప్పులల మా తమ్ముడింట్ల.

ఏడేండ్లు మాటల్లేవు మాకు, ఎర్కనా? వాని బిడ్డ పెండ్లికి ఇంటికొచ్చి బొట్టువెట్టి పిలువలే, ఫోన్ల కార్డు పంపిండు. ఇంటి ఆడివిల్లను ఫోన్ల పిలుస్తరా? నేను పోలే. ఎందుకు రాలే అక్కా అని వాడు అడుగలే. ఇద్దరిదీ పంతమే, మా నాయిన పోలిక. నాయిననైతే ఒకపారి నర్మెట్ట అంగట్ల ఎడ్ల కాడ పంతానికొచ్చి... సరె, గది మల్ల జెప్త. పెండ్లయిన ఆడివిల్లకు అవ్వగారోళ్లు ఒడిల పోసే ఒడిబియ్యం సుత ఏడేండ్లు లేదు. ఇగ నాకు అవ్వగారిల్లు లేదనుకున్న. పైకి అనలే గని లోపల మస్తు పరేషాన్.

మొన్న వాడే దిగిండు మన కేసముద్రంల, పెండ్లాన్ని తోల్కొని. మక్కజొన్నలు అమ్మనీకి వచ్చిన అన్నడు. జనగామల మార్కెట్ లేదా, గంత దూరం మక్కలు తెస్తరా ఎవలన్న? చాయ తాగినంక మా మరదలు బొట్టువెట్టింది. "ఒడిబియ్యం పోస్తం, రాండ్రి వదినా" అన్నది. వాడు గోడదిక్కు జూస్తుండు.

నేను, మీ తాత రైలెక్కి జనగామల దిగి, ఆడికెళ్లి బస్సుల పోయినం. మంచిగనే జేసిండ్రు. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, అన్ని పోసింది మరదలు. ఇగ ఎల్లేటప్పుడు గడప కాడ ఒడిలకెళ్లి ఐదు పిడికిళ్లు తీసి అవ్వగారింటికే ఇచ్చి పోవాలె గద, ఇల్లు సల్లగుండాలని. ఎప్పుడు మా అవ్వనే కొంగు పట్టేది. ఇప్పుడు మరదలు పడ్తది గావచ్చనుకోని ఇంటిదిక్కు మలిగిన.

మా తమ్ముడు ముంగటికొచ్చిండు. బుజం మీది తువ్వాల తీసి రెండు చేతుల పట్టిండు. మొగోళ్లు పట్టుడు యాడన్న జూసినవా? ఆడోళ్లంత నవ్విండ్రు.

"అవ్వ లేదు గదక్కా. నేనే పడ్త" అన్నడు.

గిగో, గప్పుడయింది బిడ్డా. అవ్వగారిల్లు సల్లగుండాలె అని నోటితోని అనాలె నేను. గదే యాది మర్సిన. వాని మీసం తెల్లవడ్డది, గప్పుడే జూసిన. బియ్యం ఏసుకుంటనే ఉన్న. ఐదయినయో పదయినయో, ఎవలికెర్క.

"సాలక్కా," అన్నడు వాడు. "నీకేం మిగుల్తది?"

ఏం మిగులలే బిడ్డా, ఒడి సగం ఆడనే పోసొచ్చిన. మీ తాత బస్సుల నవ్వుడు. నవ్వనియ్.

నువ్వు సుత సల్లగుండు తల్లీ. నువ్వు గడప కాడ మలిగిననాడు, నీకు పట్టేటోళ్లు ఉండాలె...